దిగ్బోయ్ నుంచి గాడిమొగ దాకా: భారతదేశపు చమురు, సహజవాయు ఉత్పత్తి చరిత్ర

ప్రణాళికా యుగం మొదలైన 1950-51లో భారతదేశం తన నేల నుంచి తీసుకున్న ముడిచమురు 2 లక్షల 60 వేల టన్నులు మాత్రమే. అరవై ఏళ్ళ తర్వాత, 2011-12లో, అది 3 కోట్ల 80 లక్షల టన్నులకు చేరి, 2023-24 నాటికి మళ్ళీ 2 కోట్ల 94 లక్షల టన్నులకు దిగింది. ఈ మూడు అంకెలను మాత్రమే చూసేవారికి నిదానంగా ఎక్కి నిదానంగా దిగిన ఏటవాలు కనిపిస్తుంది గాని, ఏటికేడు లెక్కలు తీసి చూస్తే ఉత్పత్తి ఎన్నడూ అలా నడవలేదని తేలుతుంది. కొన్నేళ్ళపాటు ఉన్నచోటనే ఉండడం, ఒక పెద్ద క్షేత్రం చేతికి రాగానే అమాంతం పైకి లేవడం, ఆ క్షేత్రానికి వయసు మీరేకొద్దీ దానితోపాటు దేశమంతటి లెక్కా కుంగడం, ఇదే దాని తీరు. దిగ్బోయ్, అంక్లేశ్వర్, బాంబే హై, కృష్ణా-గోదావరి, బాడ్‌మేర్ అనే ఐదు పేర్లలోనే ఈ చరిత్ర దాదాపు అంతా ఇమిడి ఉంది. ఆ క్షేత్రాలను కనుగొన్న కథ గర్వంగా చెప్పుకోదగినదే, చాలాసార్లు చెప్పుకున్నదే. దొరికిన తర్వాత వాటి నుంచి ఎంత తొందరగా, ఎంత ఎక్కువగా తోడుకున్నారన్న కథ మాత్రం అంతగా చెప్పబడలేదు. ఉత్పత్తి ఎందుకు పడిపోయిందో తెలియాలంటే చూడవలసింది దానినే.

చమురు భూగర్భంలో చెరువులాగా నిలిచి ఉంటుందన్నది అపోహ. కోట్ల సంవత్సరాల కిందట జలాశయాల అడుగున పేరుకున్న జీవపదార్థం మట్టిపొరల బరువుకూ వేడికీ మారి చమురుగా, వాయువుగా రూపొందుతుంది. అది పైకి పాకుతూ వచ్చి, ఇసుకరాతిలోనో సున్నపురాతిలోనో ఉండే సన్నని రంధ్రాల్లో, పైనున్న దిట్టమైన కప్పురాయి కింద చిక్కుకుపోతుంది. బావి తవ్వినప్పుడు దాన్ని పైకి తోసేది ఆ రాతిపొరలోని ఒత్తిడి. చమురులో కరిగి ఉండి దానితోపాటే బయటపడే వాయువును అనుబంధ వాయువు అంటారు; చమురుతో సంబంధం లేకుండా విడిగా దొరికే నిక్షేపంలోనిది విడివాయువు. ఒత్తిడి క్షేత్రానికి ప్రాణం వంటిది. దాన్ని కాపాడుకుంటూ తీస్తే దశాబ్దాల పాటు చమురు వస్తుంది. హద్దు మీరి తోడితే వాయువు ముందుగా తప్పించుకుపోతుంది, చుట్టూ ఉన్న నీరు బావిలోకి చొరబడుతుంది, చమురులో పెద్ద భాగం రాతిలోనే ఉండిపోతుంది.

బ్రిటిష్ పాలనలో భారతదేశపు చమురు అంటే మొదట అస్సాం, అంతకంటె ఎక్కువగా బర్మా. ఎగువ అస్సాంలోని మాకుం ప్రాంతంలో 1867లోనే చమురు పడినా, వ్యాపారానికి నిలిచిన బావి 1889లో దిగ్బోయ్‌లో మొదలైంది. అక్కడి అడవుల్లో బొగ్గు కోసం, కలప కోసం, తేయాకు రవాణా కోసం రైలు మార్గం వేస్తున్న అస్సాం రైల్వేస్ అండ్ ట్రేడింగ్ కంపెనీయే ఆ పని చేసింది. 1899లో అస్సాం ఆయిల్ కంపెనీ ఏర్పడింది; 1901 డిసెంబరులో దిగ్బోయ్ శుద్ధి కర్మాగారం పని ప్రారంభించి ఇప్పటికీ నడుస్తున్నది. అయితే 1937లో పరిపాలనాపరంగా వేరుపడే వరకు బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే గనుక, ఆనాటి లెక్కల్లో అస్సాం వాటా చిన్నది; ఐరావతి ఒడ్డున యెనాంజాంగ్ బావుల నుంచి వచ్చిన చమురు రంగూన్ పరిసరాల్లో శుద్ధి అయి, కిరసనాయిలుగా బంగాళాఖాతం దాటి భారతీయ మార్కెట్లకు చేరేది. అదే సముద్రం మీద ఎదురు దిశలో తెలుగు తీరం నుంచి కూలీలు రంగూన్ రేవులకూ మిల్లులకూ వెళ్ళారు. వారు ఓడ ఎక్కిన గోదావరి రేవు కోరంగి పేరు మీదనే అక్కడ వారిని కోరంగీలు అని పిలిచేవారు. బర్మా చమురును చేతిలో పెట్టుకున్న బర్మా ఆయిల్ కంపెనీ 1921లో అస్సాం ఆయిల్‌ను కూడా తన అధీనంలోకి తెచ్చుకుంది. ఇదే కంపెనీ 1909లో నెలకొల్పిన ఆంగ్లో-పర్షియన్ ఆయిల్ కంపెనీ కాలక్రమంలో బ్రిటిష్ పెట్రోలియంగా మారి, వంద సంవత్సరాల తర్వాత 2011లో కృష్ణా-గోదావరి సముద్రపు బ్లాకులో 30 శాతం వాటా కొనుక్కుంది. వలస పాలన పోయినా పెట్టుబడి నడిచే దారులు ఎంత పాతవో చూపడానికి ఈ ఒక్క వంశవృక్షం చాలు.

బర్మా వేరుపడడంతో, స్వతంత్ర భారతదేశానికి దిగ్బోయ్ ఒక్కటే మిగిలింది. 1953లో నహర్‌కటియా, 1956లో మొరాన్ క్షేత్రాలు అస్సాంలోనే దొరికాయి గాని, అన్వేషణ అంతా విదేశీ కంపెనీల చేతిలోనే ఉండేది. అమెరికన్ కంపెనీతో కలిసి ప్రభుత్వం పశ్చిమ బెంగాల్‌లో వెతికించిన బావులు ఏమీ ఇవ్వలేదు. ఈ దశలో కేంద్ర మంత్రి కేశవ్ దేవ్ మాలవీయ పట్టుదలతో 1955లో ఏర్పడిన చిన్న విభాగం మరుసటి ఏడాది ఆగస్టులో చమురు, సహజవాయు కమిషన్ (ఓఎన్‌జీసీ)గా మారింది. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం చమురును ప్రభుత్వ రంగానికి కేటాయించిన జాబితాలో చేర్చింది. సోవియట్, రుమేనియన్ నిపుణులు రిగ్గులు తెచ్చారు, శిక్షణ ఇచ్చారు. 1958లో ఖంభాత్ దగ్గర చమురు జాడలు దొరికాయి. 1960 మే నెలలో గుజరాత్‌లోని అంక్లేశ్వర్ క్షేత్రం బయటపడింది, అక్కడి తొలి బావికి వసుధార అని పేరు పెట్టారు. గువాహతి శుద్ధి కర్మాగారం 1962లో రుమేనియా సాయంతో, బరౌనీ కర్మాగారం 1964లో సోవియట్ సాయంతో నడక ప్రారంభించాయి. 1960-61లో నాలుగున్నర లక్షల టన్నులున్న వార్షిక ఉత్పత్తి పదేళ్ళలో 68 లక్షల టన్నులకు పెరిగింది. దేశంలో చమురు లేదన్న మాటను స్వదేశీ శాస్త్రజ్ఞులు తమ చేతులతో అబద్ధం చేసిన ఈ దశాబ్దం మొత్తం చరిత్రలోకెల్లా ఉజ్జ్వలమైనది.

తర్వాతి అడుగు సముద్రంలోకి పడింది. 1963-64లో సోవియట్ నౌక ఒకటి ఖంభాత్ అఖాతంలోనూ పశ్చిమ తీరంలోనూ భూకంప తరంగ పరిశీలన జరిపి, ముంబయికి పశ్చిమంగా సముద్రపు అడుగున విశాలమైన గుమ్మటం వంటి నిర్మాణాన్ని గుర్తించింది. కృత్రిమంగా చిన్న అదురు పుట్టించి, అది రాతిపొరల మీద తగిలి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి భూగర్భ ఆకృతిని గీయడమే ఈ పరిశీలన. 1970లో అలియాబెట్ దగ్గర లోతు లేని నీటిలో తొలి సముద్రపు బావి తవ్వి అనుభవం సంపాదించారు. జపాన్‌లో నిర్మించిన సాగర్ సమ్రాట్ అనే రిగ్గు 1974 ఫిబ్రవరిలో బాంబే హై మీద చమురు కనుగొంది. అంతకు కొన్ని నెలల ముందే, 1973 అక్టోబరు యుద్ధం తర్వాత, ప్రపంచ మార్కెట్లో ధర నాలుగింతలై దేశపు విదేశీ మారకద్రవ్యం ఆవిరవుతున్నది గనుక, ఈ క్షేత్రం దొరికిన వేళ మామూలు వేళ కాదు. తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, 75 మీటర్ల లోతు నీటి కింద, సుమారు 1,300 మీటర్ల దిగువన ఉన్న సున్నపురాతి పొర నుంచి 1976 మే 21న చమురు రావడం మొదలైంది. కనుగొన్న నాటి నుంచి ఉత్పత్తికి రెండేళ్ళ మూడు నెలలే పట్టడం నేటికీ ఆశ్చర్యం కలిగించే వేగం.

ఆ వేగమే తర్వాత భారమైంది. 1979లో ధరలు రెండోసారి ఎగిశాయి. అదే సమయంలో అస్సాం ఉద్యమం చమురు రవాణాను అడ్డుకోవడంతో 1980-81 ఉత్పత్తి కోటి 5 లక్షల టన్నులకు జారింది. దిగుమతి బిల్లు తగ్గించే దారి ప్రభుత్వానికి ఒక్కటే కనిపించింది, బాంబే హై నుంచి మరింత తీయడం. నాలుగేళ్ళలో దేశ ఉత్పత్తి దాదాపు మూడింతలై 1984-85లో 2 కోట్ల 90 లక్షల టన్నులకు ఎదిగింది, దేశం తన అవసరంలో 70 శాతం దాకా స్వయంగా సమకూర్చుకోగలిగింది. 1989-90లో 3 కోట్ల 41 లక్షల టన్నులు తీశారు. కానీ బాంబే హై నిర్మాణం సున్నితమైనది: సున్నపురాతి పొరలు పలుచగా ఒకదానిపై ఒకటి ఉండి, మధ్యమధ్య గట్టి మట్టిపొరలు అడ్డుపడతాయి, పైభాగాన వాయువు టోపీలాగా కమ్మి ఉంటుంది. చమురు తీసిన చోట ఖాళీని నింపి ఒత్తిడిని నిలబెట్టడానికి సముద్రపు నీటిని శుద్ధి చేసి బావుల ద్వారా లోపలికి ఎక్కించడాన్ని నీటి ప్రవేశనం అంటారు. ఆ పని ఉత్పత్తి మొదలైన ఎనిమిదేళ్ళకు, 1984లో గాని ప్రారంభం కాలేదు. అప్పటికే కొన్ని భాగాల్లో ఒత్తిడి పడిపోయింది. బావుల్లో చమురు కంటె వాయువు ఎక్కువగా రావడంతో చాలావాటిని మూయవలసి వచ్చింది. 1992-93లో ఉత్పత్తి 2 కోట్ల 70 లక్షల టన్నులకు, అంటే మూడేళ్ళలో ఐదో వంతు తరిగి, చేరింది. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర పెరిగి, 1991లో దేశం బంగారం తాకట్టు పెట్టిన సంక్షోభ కాలంలోనే సొంత బావులు నీరసించడం కేవలం దురదృష్టం కాదు. ఇంజనీర్లు చెప్పిన వేగం కంటె ఆర్థిక శాఖకు కావలసిన వేగమే చెల్లుబాటు అయిన దశాబ్దానికి అది ఫలితం. మరమ్మతులు, కొత్త బావులతో 1995-96లో దేశ ఉత్పత్తి 3 కోట్ల 52 లక్షల టన్నులకు కోలుకున్నా, బాంబే హై తన పూర్వపు స్థాయిని మళ్ళీ అందుకోలేదు.

చమురు మీద ఇంత ఆరాటం చూపిన కాలంలోనే సహజవాయువు మీద చూపిన నిర్లక్ష్యం తక్కువేమీ కాదు. వాయువును తీరానికి చేర్చే గొట్టాలూ, కొనే కర్మాగారాలూ లేక, బాంబే హై అనుబంధ వాయువును సముద్రంలోని ఉత్పత్తి వేదికల మీదనే మండించేవారు. 1990-91లో దేశంలో తీసిన 1,800 కోట్ల ఘనపు మీటర్లలో నాలుగో వంతుకు మించి ఇలా కాలిపోయింది. 1984లో గ్యాస్ అథారిటీ ఏర్పాటై, హజీరా నుంచి విజయ్‌పూర్ మీదుగా జగదీశ్‌పూర్ దాకా గొట్టపు మార్గం 1980ల చివర పూర్తయ్యాక, ఉత్తర భారతంలో ఎరువుల కర్మాగారాలు వాయువు మీద నడవసాగాయి.

తెలుగు నేల ఈ చరిత్రలోకి వచ్చింది వాయువు ద్వారానే. కృష్ణా, గోదావరి నదులు యుగాల తరబడి తెచ్చి పోసిన ఒండ్రు, దానికి పూర్వం గోండ్వానా ఖండం చీలినప్పుడు ఏర్పడిన లోయల్లో నిండిన ఇసుక, కలిసి తీరం కింద కొన్ని కిలోమీటర్ల మందం గల పొరలుగా ఉన్నాయి. భూమి మీది భాగమే సుమారు 28 వేల చదరపు కిలోమీటర్లు. రాజమహేంద్రవరం దగ్గర కాటేరు క్వారీల్లో కనిపించే నల్లరాయి దక్కను లావా ప్రవాహపు తూర్పు కొస. అదే రాయి కోనసీమ కొబ్బరితోటల అడుగున చాలా లోతులో పరుచుకుని ఉంటే, భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి రాజోలు పేరే పెట్టుకున్నారు. 1970ల చివర నర్సాపురం బావిలో వాయువు జాడలు కనిపించడం, 1980 ప్రాంతంలో రాజోలులో వాయువు పడడంతో, తాటిపాక, పాశర్లపూడి, మోరి, కేశనపల్లి, కైకలూరు, మండపేట అనే ఊళ్ళ పేర్లు ఓఎన్‌జీసీ పటాల మీద క్షేత్రాల పేర్లయ్యాయి. కాకినాడలో ఎరువులు, విజ్జేశ్వరం, జేగురుపాడుల్లో విద్యుత్తు ఈ వాయువుతోనే మొదలయ్యాయి. సముద్రంలో 1987లో దొరికిన రవ్వ క్షేత్రాన్ని 1994లో ఉత్పత్తి పంపక ఒప్పందం కింద ప్రైవేటు కంపెనీలకు ఇచ్చారు. పెట్టిన ఖర్చును కంపెనీ ముందుగా రాబట్టుకుని, మిగిలిన లాభాన్ని ప్రభుత్వంతో పంచుకునే ఏర్పాటు ఇది. రవ్వ చమురు సూరసానియానం దగ్గర ఒడ్డుకు చేరేది; ఒక దశలో ఆ క్షేత్రం రోజుకు 50 వేల బ్యారెళ్ళు ఇచ్చింది.

కృష్ణా-గోదావరి పొరలకు ఉన్న లక్షణం అధిక ఒత్తిడి. తవ్వేటప్పుడు ఆ ఒత్తిడిని బావిలోపలే అణచి ఉంచేది మడ్ అని పిలిచే చిక్కని ద్రవం. దాని బరువు పెంచడానికి కలిపేది ముగ్గురాయి పొడి, అంటే బరైటీస్. ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి కడప ప్రాంతంలోని మంగంపేటలో ఉండడం, దాని పొడి దేశదేశాల చమురు బావుల్లోకి వెళ్ళడం తెలుగువారిలో చాలామందికి తెలియని సంగతి. మడ్ బరువు చాలకపోతే వాయువు అదుపు తప్పి పైకి ఎగదన్నుతుంది, దానినే బ్లోఅవుట్ అంటారు. 1995 జనవరి 8న పాశర్లపూడి 19వ నంబరు బావిలో జరిగింది అదే. వంద మీటర్లకు పైగా లేచిన మంట ఆగకుండా 65 రోజులు మండింది. చుట్టుపక్కల గ్రామాల ప్రజలు ఇళ్ళు విడిచి శిబిరాలకు పోయారు, కొబ్బరితోటలు మాడిపోయాయి, రాత్రి చీకటి అన్నది ఆ ఊళ్ళకు రెండు నెలల పాటు లేకుండా పోయింది. ఇటువంటి మంటను ఆర్పాలంటే మొదట బావి ముఖం మీద కూలిన ఇనుమునంతా తొలగించాలి, ఎడతెరిపి లేకుండా నీళ్ళు చిమ్ముతూ మనుషులు దగ్గరకు వెళ్ళగలిగేటట్టు చేయాలి, ఆ తర్వాతనే కొత్త మూత బిగించడం సాధ్యమవుతుంది. విదేశీ నిపుణులు, ఓఎన్‌జీసీ సిబ్బంది కలిసి మార్చి 15న ఆ పని పూర్తిచేశారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో తాటిపాక నుంచి వెళ్ళే వాయు గొట్టం పగిలి మంటలు చెలరేగి ఇరవై మందికి పైగా మరణించారు. పొడి వాయువు కోసం వేసిన గొట్టంలో తడి వాయువు ప్రవహించి ఇనుము తుప్పు పట్టడం దీనికి మూలమని విచారణలో బయటపడింది. ఉత్పత్తి పట్టికల్లో ఈ రెండు ఘటనలకూ ఒక గడి కూడా ఉండదు. 2005 జూలైలో బాంబే హై వేదిక కాలిపోయి 22 మంది చనిపోయిన ప్రమాదానికి ఉత్పత్తి నష్టంగానైనా లెక్క ఉంది; నగరం వాసుల నష్టానికి అదీ లేదు.

1990ల చివర కొత్త అన్వేషణ లైసెన్సు విధానం వచ్చింది. అంతకుముందు ప్రభుత్వ సంస్థలకు నేరుగా ఇచ్చే ప్రాంతాలను ఇక బ్లాకులుగా విభజించి వేలం వేశారు. తొలి విడతలోనే కాకినాడ ఎదుట లోతు సముద్రంలోని డీ6 బ్లాకు రిలయన్స్‌కు దక్కింది; 2002లో అక్కడ భారీ వాయు నిక్షేపం దొరికింది. మొదట రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్లు తీసేటట్టు వేసిన ప్రణాళికను 2006లో రెట్టింపు చేసి 8 కోట్లకు, ఖర్చును 240 కోట్ల డాలర్ల నుంచి 880 కోట్ల డాలర్లకు పెంచారు. తాళ్ళరేవు మండలం గాడిమొగ దగ్గర కట్టిన తీర కేంద్రానికి 2009 ఏప్రిల్‌లో వాయువు చేరింది, అక్కడి నుంచి గొట్టం దేశాన్ని అడ్డంగా దాటి గుజరాత్ వెళ్ళింది. 2008-09లో 3,285 కోట్ల ఘనపు మీటర్లున్న దేశ వాయు ఉత్పత్తి రెండేళ్ళలో 5,222 కోట్లకు దూకింది. ఇంత ఎత్తుకు అది మళ్ళీ ఎక్కలేదు. రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటిన డీ6 ఉత్పత్తి 2010 తర్వాత గబగబా తగ్గింది. బావుల్లోకి నీరు, ఇసుక వచ్చాయి, ఒత్తిడి పడిపోయింది. ఆమోదించినన్ని బావులు తవ్వకపోవడమే కారణమని ప్రభుత్వం, భూగర్భం అంచనాలకు భిన్నంగా తేలడమే కారణమని కంపెనీ వాదించుకోగా, తగాదా మధ్యవర్తుల ముందుకు వెళ్ళింది. ఎవరి వాదన నెగ్గినా, రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు ఏ లెక్కన సాధ్యమని నమ్మారన్న ప్రశ్న మాత్రం నిలిచే ఉంటుంది. ఆ అంచనాను నమ్మి బ్యాంకు అప్పులతో కట్టిన విద్యుత్ కేంద్రాలు వేమగిరిలో, కొండపల్లిలో, కోనసీమలో మూలపడ్డాయి; 2013 మార్చి నాటికి విద్యుత్ రంగానికి డీ6 వాయువు పూర్తిగా ఆగిపోయింది. 2016-17లో దేశ ఉత్పత్తి 3,190 కోట్ల ఘనపు మీటర్లకు, అంటే డీ6కు ముందున్న చోటికి, దిగివచ్చింది. డీ6లోని తొలి రెండు వాయు క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ వాయువు మీద హక్కు ఎందుకు లేదన్న ప్రశ్న ఆ రోజుల్లో పత్రికల్లోనూ శాసనసభలోనూ బలంగా వినిపించింది. రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం ప్రాదేశిక జలాల్లోనూ ఆర్థిక మండలంలోనూ సముద్రపు అడుగున ఉన్న సంపద కేంద్రానిది. నేల మీద బావి తవ్వితే రాష్ట్రానికి రాయల్టీ వస్తుంది, అలల అవతల తవ్వితే రాదు. గాడిమొగ, నగరం, పాశర్లపూడి ప్రజలకు ఈ గీత ఎక్కడ పడిందన్నది పెద్ద తేడా కాదు, గొట్టాలు వారి పొలాల్లో నుంచే పోతాయి. తీర గ్రామాల భద్రతకూ బాగుకూ ఆ ఆదాయంలో నికరమైన భాగం ఉండాలన్న వాదన న్యాయమైనది, అది ఇప్పటికీ తీరలేదు.

ముడిచమురు విషయంలో చివరి పెద్ద ఎగుడు రాజస్థాన్ ఎడారిది. బాడ్‌మేర్ జిల్లాలో 2004లో కెయిర్న్ కంపెనీ కనుగొన్న మంగళ క్షేత్రపు చమురులో మైనం ఎక్కువ; మామూలు ఉష్ణోగ్రత దగ్గర అది గడ్డకడుతుంది గనుక, పొడవునా వేడి చేసే గొట్టంలో గుజరాత్ తీరానికి పంపవలసి వచ్చింది. 2009 ఆగస్టులో మొదలైన ఆ ఉత్పత్తి వల్లనే 2011-12 శిఖరం సాధ్యమైంది. దాని తర్వాత అంత పెద్ద క్షేత్రం దొరకలేదు. బాంబే హైకి వయసు యాభై దాటుతున్నది, మంగళ కూడా దిగుదారి పట్టింది. 2023-24లో దేశం వాడిన పెట్రోలియం ఉత్పత్తులు 23 కోట్ల టన్నులకు మించగా, ముడిచమురు అవసరంలో దిగుమతి వాటా 87 శాతం దాటింది. 1984-85 నాటి నిష్పత్తి దాదాపు తలకిందులైందన్నమాట.

సహజవాయువు మాత్రం గోదావరి సముద్రం పుణ్యాన కొంత తేరుకుంది. డీ6 బ్లాకులోనే ఆర్ క్లస్టర్ 2020 డిసెంబరులో, శాటిలైట్ క్లస్టర్ 2021లో, ఎంజే క్షేత్రం 2023లో ఉత్పత్తికి రావడంతో 2020-21లో 2,867 కోట్ల ఘనపు మీటర్లకు పడిన దేశ ఉత్పత్తి 2023-24 నాటికి 3,640 కోట్లు దాటింది. ఈసారి అంచనాలు మునుపటికంటె అణకువగా వేశారు. పక్కనే ఉన్న 98/2 బ్లాకు నుంచి ఓఎన్‌జీసీ, ఏళ్ళ తరబడి ఆలస్యం తర్వాత, 2024 జనవరి 7న తొలి చమురు తీసింది. దాని గరిష్ఠ స్థాయిని రోజుకు 45 వేల బ్యారెళ్ళుగా అంచనా వేశారు. అయినా 2024-25 దేశ ముడిచమురు ఉత్పత్తి 2 కోట్ల 87 లక్షల టన్నుల దగ్గరే ఉంది, అంతకుముందటి ఏడాది కంటె తక్కువగా.